లిటరరీ టర్మ్స్ నుంచి ఎస్సే దాకా: హైస్కూలు ఇంగ్లీషు రివిజన్ ఎలా చెయ్యాలి?

మార్చిలో పదో తరగతి పరీక్షలు. సంక్రాంతి సెలవులు అయి బడి తెరిచేసరికి మా శ్రీకాకుళం వైపు ఏ హైస్కూల్లో చూసినా ఇంగ్లీషు నోట్సు వెనక పేజీల్లో ఒకే రకం జాబితా కనిపిస్తుంది. సిమిలీ, మెటఫర్, పర్సానిఫికేషన్, అలిటరేషన్... ఎదురుగా ఒక్కో నిర్వచనం, ఒక్కో ఉదాహరణ. అడిగితే గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. అదే పిల్లలకి ఎప్పుడూ చూడని నాలుగు లైన్ల పద్యం ఇచ్చి "ఇందులో కవి ఏం చేశాడు?" అంటే పెన్ను కదలదు. ఎస్సే అంటే మరీ టెన్షన్.

లోపం జ్ఞాపకశక్తిలో లేదు. పేరు గుర్తుపట్టడం దగ్గరే రివిజన్ ఆగిపోతోంది. ఆ లైన్లో ఆ అలంకారం ఏం పని చేస్తోందో చెప్పగలిగితేనే మంచి జవాబు అవుతుంది. ఆ చెప్పడాన్ని నాలుగు పేరాలకి పొడిగిస్తే అదే ఎస్సే. అందుకని టర్మ్స్ ఒక రోజు, ఎస్సే ఇంకో రోజు అని విడదీయకుండా రెండూ ఒకే పనిగా ఎలా చదవాలో ఇక్కడ చెబుతాను. 9, 10 తరగతుల వాళ్ళని మనసులో పెట్టుకుని రాస్తున్నా, ఇంటర్ మొదటి ఏడాది పిల్లలకీ ఇది పనికొస్తుంది.

1. జాబితాని మూడు కుప్పలు చెయ్యండి

అక్షర క్రమంలో రాసుకున్న జాబితా వల్ల లాభం లేదు. పిల్లలు తికమకపడేది ఒకే జాతి పదాల మధ్య. సిమిలీకీ మెటఫర్‌కీ మధ్య పొరబడతారు కానీ, సిమిలీకీ ఫ్లాష్‌బ్యాక్‌కీ మధ్య ఎవరూ పొరబడరు. కాబట్టి ఒక తెల్లకాగితం తీసుకుని మూడు నిలువు వరసలు గీయండి.

మొదటి వరసలో పోలికలు, కల్పనలు: సిమిలీ, మెటఫర్, పర్సానిఫికేషన్ (ప్రాణం లేనిదాన్ని ప్రాణమున్నట్టు చెప్పడం), హైపర్‌బోలీ, ఆక్సిమోరాన్ (ఒకదానికొకటి పొసగని రెండు మాటల్ని పక్కపక్కన పెట్టడం). రెండో వరసలో చెవికి సంబంధించినవి: అలిటరేషన్, ఆనమటోపియా, రైమ్, రిపిటిషన్. మూడో వరసలో కథ నడకకి సంబంధించినవి: సెట్టింగ్, నెరేటర్, థీమ్, టోన్, ఐరనీ, సింబల్, ఫోర్‌షాడోయింగ్ (జరగబోయేదాన్ని ముందే సూచించడం), ఫ్లాష్‌బ్యాక్. నిర్వచనాలు ఇప్పుడే రాయొద్దు. ముందు పేర్లు సరైన వరసలో పడితే చాలు.

2. తెలుగు పీరియడ్‌లో నేర్చుకున్నది ఇక్కడికి తెచ్చుకోండి

ఇది చాలామంది చెయ్యరు. తెలుగు మాస్టారు చెప్పిన అలంకారాలు ఒక నోట్సులో, ఇంగ్లీషు టీచర్ చెప్పిన ఫిగర్స్ ఆఫ్ స్పీచ్ ఇంకో నోట్సులో ఉంటాయి. రెండూ చుట్టాలని ఎవరూ చెప్పరు. నిజానికి పోలికని విప్పి చూడటానికి మన తెలుగు వాచకం ఇచ్చే పనిముట్టే మెరుగని నా అభిప్రాయం. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నాలుగు భాగాలు చేస్తారు కదా. ఇంగ్లీషు సిమిలీని కూడా అలాగే విప్పండి.

"వానాకాలం నాగావళి కోపమొచ్చిన ఏనుగులా పరుగెత్తింది" అనుకుందాం. నది ఉపమేయం, ఏనుగు ఉపమానం, అదుపు లేని బలం సమానధర్మం, ‘లా’ ఉపమావాచకం. ఇంగ్లీషులో ఆ వాచకం స్థానంలో ‘లైక్’ గానీ ‘యాజ్’ గానీ వస్తుంది. ఆ వాచకాన్ని తీసేసి, నదికీ ఏనుగుకీ భేదమే లేనట్టు "నాగావళి అనే ఏనుగు ఊరిని తొక్కేసింది" అంటే అది రూపకం, అంటే మెటఫర్. అతిశయోక్తి హైపర్‌బోలీ. అంత్యానుప్రాస రైమ్.

ఈ నాలుగు భాగాల్లో ఎస్సేకి పనికొచ్చేది సమానధర్మం. రెండు వస్తువులూ ఎందులో కలిశాయో అడిగితే, కవి ఆ పోలిక ఎందుకు తెచ్చాడో తెలిసిపోతుంది. కాబట్టి సిమిలీ కనిపించిన ప్రతిసారీ మార్జిన్‌లో సమానధర్మం రాసే అలవాటు చేసుకోండి.

అన్నీ అచ్చంగా సరిపోతాయని మాత్రం అనుకోవద్దు. వృత్త్యనుప్రాసలో హల్లు పదంలో ఎక్కడైనా తిరిగి రావచ్చు. అలిటరేషన్‌లో మాత్రం పదాల మొదట వచ్చే ధ్వనినే చూస్తాం. ఉత్ప్రేక్షకి (ఒకదాన్ని ఇంకొకటేమో అని ఊహించడం) స్కూలు ఇంగ్లీషులో వేరే పేరు లేదు. ‘యాజ్ ఇఫ్’తో వచ్చేవాటిని అక్కడ సిమిలీ కిందే చూస్తారు.

ఇక ‘లైక్’ ఉన్నచోటల్లా సిమిలీ అని రాసేయడం ఏటా కనిపించే తప్పు. "ఐ లైక్ మ్యాంగోస్"లో పోలికే లేదు. "సిటీస్ లైక్ విశాఖపట్నం"లో అది ఉదాహరణ చెబుతోంది. "హి లుక్స్ లైక్ హిజ్ ఫాదర్" పోలికే గానీ ఊహ కాదు, కొడుకు తండ్రిలా ఉండటంలో అలంకారమేముంది? రెండు వేరు జాతి వస్తువులు ఊహలో కలిస్తేనే సిమిలీ.

3. చెవికి సంబంధించినవి బయటికి చదివి తేల్చుకోండి

అలిటరేషన్ చూసేది ధ్వనిని, అక్షరాన్ని కాదు. ‘సిటీ’, ‘క్యాట్’ రెండూ ఇంగ్లీషులో ఒకే అక్షరంతో మొదలవుతాయి, కానీ ధ్వని వేరు కాబట్టి అలిటరేషన్ కాదు. ‘ఫోన్’, ‘ఫ్యాన్’ వేర్వేరు అక్షరాలతో మొదలవుతాయి, ధ్వని ఒకటే కాబట్టి అవుతుంది. ‘నైఫ్’, ‘నైట్’ (రాత్రి) కూడా అంతే. కళ్ళతో వెతికితే దొరకవు, పెదాలు కదపాలి. పరీక్ష హాల్లో గొంతు లేకుండా కదపొచ్చు, ఎవరూ ఏమీ అనరు.

ధ్వనిని అనుకరించే మాటలే ఆనమటోపియా. దానికి తెలుగు వాళ్ళకి శిక్షణ అక్కర్లేదు. గలగల, జలజల, టపటప అంటూనే పెరిగాం.

రైమ్ స్కీమ్ రాసేటప్పుడు లైన్ చివరి ధ్వనికి ఒక్కో అక్షరం పెట్టుకుంటూ వెళ్ళడమే. ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. బ్లాంక్ వర్స్‌లో రైమ్ ఉండదు గానీ లయ ఉంటుంది, అదీ ఐయాంబిక్ పెంటామీటర్, అంటే తేలిక-బరువు ధ్వనుల జంటలు లైనుకి ఐదు. ఫ్రీ వర్స్‌లో కట్టుబడిన రైమూ ఉండదు, లయా ఉండదు. సానెట్ అంటే 14 లైన్లు. షేక్‌స్పియర్ పద్ధతిలో మూడు నాలుగు-లైన్ల భాగాలు, చివర రెండు లైన్లు. పెట్రార్క్ పద్ధతిలో ఎనిమిది, ఆరు.

4. కథ టర్మ్స్‌లో మూడు జంటలు, ఒక ఐరనీ

మూడో వరసలో పదాలు ఎక్కువే అయినా నిజంగా ఇబ్బంది పెట్టేవి కొన్నే.

థీమ్, టాపిక్. ‘యుద్ధం’ అనేది టాపిక్. ‘యుద్ధంలో గెలిచిన వాళ్ళూ ఏదో ఒకటి పోగొట్టుకుంటారు’ అనేది థీమ్. థీమ్ ఎప్పుడూ పూర్తి వాక్యంగా ఉండాలి. ఒక్క మాటలో రాశారంటే ఇంకా టాపిక్ దగ్గరే ఉన్నారన్నమాట.

టోన్, మూడ్. రాసినవారి వైఖరి టోన్. చదివేవారిలో కలిగే భావం మూడ్. రచయిత వెటకారంగా రాస్తే చదివేవాడికి నవ్వు రావచ్చు, ఒళ్ళు మండనూ వచ్చు. రెండూ ఒకటే అని రాస్తే విశ్లేషణ పక్కదారి పడుతుంది.

నెరేటర్, రచయిత. పద్యంలో ‘నేను’ అన్నంత మాత్రాన అది కవి కానక్కర్లేదు. పద్యం గురించి రాస్తే ‘స్పీకర్’ అనండి, కథ గురించి అయితే ‘నెరేటర్’ అనండి. కథ చెప్పేవాడు పాత్రల్లో ఒకడా, బయటివాడా? బయటివాడైతే అందరి మనసుల్లోకీ వెళ్తున్నాడా, ఒక్కరి మనసులోకేనా, ఎవరి మనసులోకీ వెళ్ళకుండా చూసింది మాత్రమే చెబుతున్నాడా? దీన్ని ముందు తెలుగు కథల మీద అభ్యాసం చేస్తే త్వరగా పట్టుబడుతుంది. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో స్థాపించిన కథానిలయం ఉంది. తెలుగు కథలకే కట్టిన గ్రంథాలయం అది. ఒక ఆదివారం పిల్లల్ని తీసుకెళ్ళి, ఏదో ఒక కథ మొదటి పేజీ చదివించి "ఎవరు చెబుతున్నారు ఈ కథ?" అని అడిగి చూడండి.

ఐరనీ. దీని మీద కొంచెం నిలబడాలి, ఎందుకంటే ఒకే పేరు కింద మూడు వేర్వేరు సంగతులు ఉన్నాయి. నోటితో అన్నదానికీ మనసులో ఉన్నదానికీ తేడా ఉంటే వెర్బల్ ఐరనీ. లెక్క తప్పిన వాణ్ణి "భలే తెలివైనవాడివిరా" అనడం అదే. అనుకున్నదానికి తలకిందులుగా జరిగితే సిట్యుయేషనల్ ఐరనీ. ఇక చూసేవాళ్ళకి తెలిసింది పాత్రకి తెలియకపోతే డ్రమాటిక్ ఐరనీ. ఈ మూడో దానికి మన విజయనగరం వాళ్ళకి ఉదాహరణ ఇంట్లోనే ఉంది. 1892లో అక్కడే మొదటిసారి ప్రదర్శించిన కన్యాశుల్కంలో కరటక శాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లుకిచ్చి పెళ్ళి చేస్తాడు. పెళ్ళికూతురు మగపిల్లాడని మనకి తెలుసు, లుబ్ధావధాన్లుకి తెలియదు. ఆయన ఆ సంబంధం గురించి ఆశగా మాట్లాడే ప్రతి మాటా మనకి ఇంకోలా వినిపిస్తుంది. అలా ఇంకోలా వినిపించడమే డ్రమాటిక్ ఐరనీ చేసే పని.

5. ఒక చిన్న పేరా మీద పని చెయ్యండి

ఇప్పటిదాకా చదివింది చేతికి రావాలంటే కొత్త పేరా ఒకటి కావాలి. అభ్యాసం కోసం నేనే ఒక పేరా కల్పించాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరి తోటలు ఎలా అయిపోయాయో మా పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు కాబట్టి ఆ నేపథ్యం తీసుకున్నాను.

"తెల్లారేసరికి కొబ్బరి చెట్లన్నీ, పడుకోమని ఆజ్ఞ అందిన సైనికుల్లా వరసగా ఒరిగి ఉన్నాయి. నుయ్యి కంచెని మింగేసింది. మామ్మ చెట్ల మధ్య నడుస్తూ లెక్కపెడుతోంది. ముప్ఫై ఒకటి దగ్గర ఆగింది. ‘ఈ యేడు పొయ్యిలోకి కర్రకి కరువు నేదు’ అంది."

ప్రశ్న: ఆ ముసలామె బాధని రచయిత ఎలా చూపించారు?

మొదటిసారి పెన్ను ముట్టుకోకుండా చదవండి. రెండోసారి చదువుతూ కంటికి ఆగిన మాటల కింద గీత గీయండి, పేర్లు పెట్టొద్దు. మూడోసారి మార్జిన్‌లో పేరు, దాని పక్కనే ‘అయితే ఏంటి?’ అన్న ప్రశ్నకి జవాబు రాయండి. ఈ రెండో భాగం లేకుండా పేరు ఒక్కటీ రాయడం నా క్లాసులో నిషేధం. "పేరు రాశాం కదా సార్, ఇంకేటి రాయాలి?" అని మొదట్లో గొడవ పెడతారు. రెండు వారాలకి అలవాటైపోతుంది.

సైనికుల్లా అన్నది సిమిలీ. అయితే ఏంటి? సైనికులు ఆజ్ఞకి ఎదురు చెప్పరు. చెట్లు పెనుగులాడకుండా లొంగిపోయాయన్న అర్థం వస్తోంది. పైగా ‘చచ్చిపోయిన’ అనకుండా ‘పడుకోమని’ అన్నారు, చావుని నిద్ర మాటున దాచారు. నుయ్యి మింగడం పర్సానిఫికేషన్. రోజూ నీళ్ళిచ్చే నుయ్యే కంచెని మింగింది, అంటే ఇంట్లో వస్తువులే ఎదురు తిరిగాయి. లెక్కపెట్టడం అలంకారం కాదు, ఒక పని. అయినా అదే ముఖ్యం, ఏడవాల్సిన చోట ఆమె లెక్క చూస్తోంది. ముప్ఫై ఒకటి దగ్గర చెట్లు అయిపోయాయా, ఆమె ఓపిక అయిపోయిందా? రచయిత చెప్పలేదు. పేరాలో నెరేటర్ ఎవరి మనసులోకీ వెళ్ళడు, బయట నిలబడి చూస్తాడు. అందుకే మనకి ఆ జవాబు దొరకదు. చివరి మాట వెర్బల్ ఐరనీ. కర్ర దొరికిందన్న సంతోషంలా వినిపిస్తుంది, తోట పోయిందన్నది దాని అర్థం.

ఒక్క సంగతి గమనించండి. పేరా మొత్తంలో ‘బాధ’ అన్న మాట లేదు. మన ఎస్సేకి అదే అసలు పాయింటు.

6. ప్రశ్నలో ఉన్న క్రియ చూడండి

డిస్క్రైబ్ అంటే ఎలా ఉందో చెప్పమని. ఎక్స్‌ప్లెయిన్ అంటే ఎందుకు, ఎలా అని. కంపేర్ అంటే రెండింటినీ ప్రతి పేరాలో పక్కపక్కన పెట్టమని. ముందు ఒకటి మొత్తం రాసి, తర్వాత రెండోది మొత్తం రాస్తే పోలిక జరగదు. డిస్కస్ అంటే ఒకటికి రెండు వైపులు చూపించి చివరికి మీ మాట చెప్పమని. ప్రశ్నపత్రం మీదే ఆ క్రియకి సున్నా చుట్టండి.

7. థీసిస్ ఒక్క వాక్యం

థీసిస్ అంటే మీరు ఒప్పించాలనుకున్న మాట. దాన్ని కాదనే వీలుండాలి. "ఈ పేరాలో తుఫాను గురించి ఉంది" అన్నదాన్ని ఎవరూ కాదనరు, కాబట్టి అది థీసిస్ కాదు. "రచయిత మామ్మ బాధకి ఎక్కడా పేరు పెట్టలేదు, ఆమె పెట్టిన లెక్కలో, అన్న మాటలో దాచి చూపించారు" అంటే అది థీసిస్. దీన్ని రుజువు చెయ్యాలి, రుజువు చెయ్యడానికి పేరాలో సరుకుంది.

దాని కింద మూడు చిన్న మాటలు రాసుకోండి: చెట్లు, లెక్క, చివరి మాట. అవే మీ మూడు పేరాలు. ఐదు పేరాల నమూనా అని గైడ్లలో ఉండేది చెడ్డదేమీ కాదు, మొదట్లో చేతికర్రలా పనికొస్తుంది. కానీ రెండు పాయింట్లే బలంగా ఉంటే మూడోది కల్పించొద్దు.

8. పేరా రాయడం

పేరా మొదటి వాక్యం థీసిస్‌లో ఒక ముక్కని చెప్పాలి. తర్వాత పాఠంలోంచి చిన్న మాట తీసుకుని కొటేషన్ గుర్తుల్లో పెట్టాలి. మూడు నాలుగు పదాలు చాలు, లైన్లకి లైన్లు ఎక్కించొద్దు. ఆ తర్వాత ఆ మాట ఏం చేస్తోందో రెండు మూడు వాక్యాల్లో చెప్పాలి. కొటేషన్ కన్నా వివరణ పొడుగ్గా ఉండాలి. చాలా ఎస్సేల్లో ఇది తలకిందులుగా ఉంటుంది.

పిల్లలు ఎక్కువగా రాసేది ఇలా ఉంటుంది: "ఈ పేరాలో సిమిలీ, పర్సానిఫికేషన్, ఐరనీ వాడారు. అవి పేరాకి అందం తెచ్చాయి." ఈ వాక్యం ప్రపంచంలో ఏ పేరాకైనా అతుకుతుంది, అదే దాని జబ్బు. ‘బ్యూటిఫుల్’, ‘ఎఫెక్టివ్’, ‘ఇంట్రెస్టింగ్’ అనే మూడు మాటలు పక్కన పెట్టి రాసి చూడండి.

దీని బదులు: "మామ్మ ఏడవదు, లెక్కపెడుతుంది. ‘ముప్ఫై ఒకటి’ అన్న ఖచ్చితమైన అంకె చూస్తే ఆమెకి ఒక్కో చెట్టూ విడిగా తెలుసని అర్థమవుతుంది. ఎందుకు ఆగిందో నెరేటర్ చెప్పడు. ఆ మౌనంలో ఆమె బాధని మనమే ఊహించుకోవాల్సి వస్తుంది." ఇందులో ఒక్క అలంకారం పేరైనా లేదు. అయినా విశ్లేషణ ఉంది.

ఇంగ్లీషులో రాసేటప్పుడు "ద రైటర్ యూజెస్" అని మొదలైన వాక్యం "టు షో" దగ్గరికి చేరకుండా ఆగకూడదు. "దిస్ సజెస్ట్స్ దట్" అన్నది ఇంకో మంచి మెట్టు. దాని తర్వాత ఊరికే ఆగడం కుదరదు, ఏదో ఒకటి చెప్పి తీరాలి.

ఇంట్రడక్షన్ చివర్న రాయండి, లేదా కనీసం థీసిస్ తేలాక రాయండి. "ఫ్రమ్ టైమ్ ఇమ్మెమోరియల్" అని మొదలుపెట్టొద్దు. రచన పేరు, రచయిత పేరు, సందర్భం ఒక వాక్యంలో, థీసిస్ ఇంకో వాక్యంలో. కంక్లూజన్‌లో చెప్పిందే మళ్ళీ చెప్పకుండా, మీ మూడు పాయింట్లు కలిపితే ఏం తేలిందో చెప్పండి.

సాహిత్యం కాకుండా జనరల్ ఎస్సే వచ్చినా పద్ధతి ఇదే, రుజువు మాత్రం పాఠంలోంచి కాకుండా లోకంలోంచి వస్తుంది. చేతివృత్తుల మీద రాయమంటే, పొందూరు ఖద్దరుకి పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారన్న ఒక్క వాక్యం "చేతివృత్తులు మన సంపద" అన్న పది వాక్యాలకి సమానం. పర్యావరణం అంటే టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా గూళ్ళు కట్టుకోవడానికి వచ్చే పెలికాన్‌ల గురించి రాయండి. దగ్గర్లో ఉన్నదాన్ని వదిలేసి అమెజాన్ అడవుల దాకా పోవడం ఎందుకో నాకు అర్థం కాదు.

9. తెలుగు నుంచి జారే తప్పులు

కథలో జరిగేది ఇంగ్లీషు ఎస్సేలో వర్తమాన కాలంలో రాయడం ఆనవాయితీ: "షి కౌంట్స్", "ద నెరేటర్ డజ్ నాట్ టెల్". పిల్లలు సగం భూతకాలంలో, సగం వర్తమానంలో రాస్తారు.

‘అయినా... కానీ’ మనకి అలవాటు కాబట్టి ‘ఆల్దో’తో మొదలుపెట్టి మధ్యలో ‘బట్’ కూడా పెడతారు. రెండింట్లో ఒకటే ఉండాలి. "డిస్కసెస్ అబౌట్" వద్దు, "డిస్కసెస్" చాలు. "ద పోయెట్ హి సేస్"లో ‘హి’ ఎక్కువ. "వన్ ఆఫ్ ద" తర్వాత బహువచనం రావాలి. ‘ఎ’, ‘ద’ మన భాషలో లేవు కాబట్టి ఎక్కువగా జారిపోయేవి అవే. వాటి కోసమే ఒకసారి విడిగా చదవాలి. అన్నీ ఒకేసారి సరిదిద్దాలని చూస్తే ఏదీ దిద్దలేరు. మీ పాత కాంపోజిషన్ పుస్తకం తీసి, టీచర్ ఎర్ర పెన్నుతో ఎక్కువసార్లు దిద్దిన రెండు తప్పులు ఏవో చూసి, వాటినే పట్టుకోండి.

10. పరీక్ష రోజు

పదో తరగతి ఇంగ్లీషు పేపర్‌కి ఇచ్చేది 3 గంటల 15 నిమిషాలు. అందులో 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదువుకోవడానికే. ఆ సమయంలో పొడుగు జవాబుల ప్రశ్నలు ముందు చదివేయండి. మిగతావి రాస్తున్నంతసేపూ బుర్ర వెనక వాటి గురించే ఆలోచిస్తూ ఉంటుంది.

ఎస్సేకి ఇరవై ఐదు నిమిషాలు పెట్టుకుంటే మొదటి ఐదు నిమిషాలు థీసిస్‌కీ, మూడు మాటల ప్లాన్‌కీ. పక్కవాడు అప్పుడే రెండో పేజీ తిప్పినా కంగారు పడొద్దు. ప్లాన్‌ని చివరి పేజీలో రాసి, రఫ్ వర్క్ అని పైన రాసి, ఒక అడ్డగీత కొట్టండి.

రాయడం అయ్యాక మొత్తం చదివే టైమ్ దొరక్కపోవచ్చు. అప్పుడు ప్రతి పేరా మొదటి వాక్యం మాత్రం వరసగా చదవండి. అవి థీసిస్‌ని మోస్తున్నాయా? ఎక్కడైనా కథ చెప్పడంతో మొదలైన పేరా కనిపిస్తే, ఆ వాక్యాన్ని ఒకే గీతతో కొట్టేసి పైన సరైన వాక్యం రాయండి.